కూనూరు చలికి వెళ్ళే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చలికాలంలో కొండ ఊరికి వెళ్ళి నాలుగు రోజులు ఉండి రావడం గురించి సందేహాలు ఉంటే రాయమని గత సంచికలో కోరాము. అంబత్తూరు నుంచి అడయారు దాకా చెన్నైలోని తెలుగు పాఠకులు ఎంతోమంది రాశారు, అందులో చాలా భాగం నీలగిరుల గురించే. ఈ నగరంలో ముప్పై ఏళ్ళుగా ఉంటూ, దాదాపు ప్రతి చలికాలమూ కూనూరుకు వెళ్ళి వస్తున్న అనుభవంతో ఈ జవాబులు రాస్తున్నాను. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్కటిగా తీసుకున్నాను.

ప్రశ్న: పిల్లలకు అర్ధ సంవత్సర పరీక్షలు ముగిశాక డిసెంబరు 25 నుంచి 30 వరకు ఎక్కడికైనా కొండ ప్రాంతానికి వెళ్దామనుకుంటున్నాం. పిల్లలకు తొమ్మిదేళ్ళు, పదమూడేళ్ళు. ఇంతవరకు మంచు చూడలేదు. అరవై ఎనిమిదేళ్ళ మా అత్తగారు కూడా వస్తారు. ఊటీ, కొడైకెనాల్, కూనూరు, ఈ మూడింట్లో ఎక్కడికి వెళ్తే మంచు కనిపిస్తుంది?
ఒక గృహిణి, నంగనల్లూరు

జవాబు: ముందు 'మంచు' అనే మాట దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే తెలుగులో ఈ ఒక్క మాట నాలుగు వేర్వేరు వస్తువులకు పేరు. తెల్లవారుజామున గరిక కొసన నిలిచే నీటిబొట్టును మంచు అంటాం. ధనుర్మాసంలో ఎదురింటి ముగ్గును కూడా కనిపించనీయని పొగమంచునూ మంచే అంటాం. నేల మీది తేమ గడ్డకట్టి తెల్లటి పొడిలా పేరుకుంటే అదీ మంచే, హిమాలయాల్లో ఆకాశం నుంచి దూదిపింజల్లా రాలేదీ మంచే. మీ పిల్లలు సినిమాల్లో చూసి ఆశపడుతున్నది ఈ నాలుగోది అయితే, దక్షిణాదిలో ఏ కొండ ఊళ్ళోనూ దాన్ని ఆశించవద్దని బయలుదేరే ముందే వాళ్ళకు చెప్పండి. లేకపోతే అంత దూరం వెళ్ళాక చిన్నబోయిన ముఖాలు చూడవలసి వస్తుంది. మూడో రకాన్ని మాత్రం ఊటీ లోయల్లో మీరు నిజంగా చూడవచ్చు. తమిళులు దాన్ని ఉరైపని అంటారు.

అది ఏర్పడాలంటే ఆకాశంలో మబ్బు ఉండకూడదు, గాలి ఆడకూడదు, నేల పల్లంగా ఉండాలి. పగలు వేడెక్కిన నేల రాత్రి ఆ వేడిని పైకి వదిలేస్తుంది. మబ్బు ఉన్న రోజున అది దుప్పటిలా ఆ వేడిని కొంత ఆపుతుంది, తెరిపిగా ఉన్న రాత్రి ఆపేదేమీ ఉండదు. నేలను తాకి చల్లబడిన గాలి బరువెక్కి, వాలు వెంట నీళ్ళలాగే కిందికి జారి, గిన్నెలాంటి పల్లాల్లో నిలిచిపోతుంది. ఊటీ అలాంటి గిన్నెలో ఉన్న ఊరు కనుక డిసెంబరు, జనవరి నెలల్లో తెరిపి రాత్రుల్లో అక్కడి బొటానికల్ గార్డెన్ పచ్చిక, ఊరికి కొద్ది దూరంలో ఉన్న తలైకుందా గడ్డి నేలలు సున్నా డిగ్రీల దాకా చల్లబడి తెల్లవారేసరికి ఉప్పు చల్లినట్టు ఉంటాయి. కూనూరు గిన్నెలో కాక కొండవాలు అంచున ఉంది. చల్లగాలి అక్కడ నిలవకుండా కొండ కిందున్న మేట్టుపాళయం వైపు జారిపోతుంది కాబట్టి ఆ ఊళ్ళో గడ్డకట్టిన మంచు అరుదు, చలి కూడా పెద్దవాళ్ళు ఓర్చుకోగలిగినంతే.

ఎంత చలి అని మీ అత్తగారు అడిగితే ఒక చిన్న లెక్క చెప్పండి. వెయ్యి మీటర్ల ఎత్తుకు వెళితే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కూనూరు సుమారు 1,850 మీటర్ల ఎత్తున ఉంది, అంటే చెన్నై కంటే పన్నెండు డిగ్రీలు తక్కువ. జనవరిలో మన దగ్గర రాత్రి 21 డిగ్రీలు ఉంటే అక్కడ తొమ్మిది, పది డిగ్రీలు ఉంటుంది. అందుకే నా సలహా మకాం కూనూరులో పెట్టమని, మంచు చూడడానికి మాత్రం ఒక్క తెల్లవారుజామున పిల్లలను తీసుకుని ఊటీ వెళ్ళి రమ్మని. రెండు ఊళ్ళ మధ్య దూరం ఇరవై కిలోమీటర్ల లోపే. అయిదు గంటలకు బయలుదేరితే ఎండ పొడ తగలకముందే చేరుకుంటారు. కిందికి వంగి ఒక్క గడ్డిపరకను దగ్గరగా చూడమనండి. పరక అంచు పొడవునా సూదుల్లాంటి స్ఫటికాలు నిలబడి ఉంటాయి, వేలు ఆనిస్తే చాలు, చుక్క నీరై జారిపోతాయి. ఎండ పాకిన కొద్ది నిమిషాల్లోనే మైదానమంతా మళ్ళీ పచ్చబడిపోతుంది. ఏడున్నరకు నిద్ర లేచి వెళ్ళేవాళ్ళకు తడి గడ్డి తప్ప ఏమీ మిగలదు.

ఇక తేదీల సంగతి. డిసెంబరు ఆఖరి వారంలో వెళ్ళవద్దని మీకు గట్టిగా చెబుతున్నాను. క్రిస్మస్, కొత్త సంవత్సరం రద్దీ ఒక కారణమైతే, వాన అంతకంటే పెద్ద కారణం. మన చెన్నైని అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తడిపే ఈశాన్య రుతుపవనాలే కూనూరు, కోటగిరి వైపున్న తూర్పు వాలుల మీదా కురుస్తాయి. 2009 నవంబరులో నీలగిరుల్లో కొండచరియలు విరిగిపడి నలభై మందికి పైగా చనిపోయిన సంగతి ఈ ప్రాంతం తెలిసినవాళ్ళెవరూ మరిచిపోలేదు. కొన్నేళ్ళ కిందట నేను కూడా డిసెంబరు ఆఖరులోనే వెళ్ళి, మూడు రోజులు ఎడతెగని వానలో గది దాటి బయటికి రాలేకపోయాను. పట్టాల మీద మట్టి పడి రైలు రద్దయింది, ముందుగా కట్టిన గది అద్దెలో ఒక్క రూపాయి కూడా వెనక్కి రాలేదు. మబ్బు ఉన్న రాత్రి గడ్డకట్టిన మంచు కూడా ఏర్పడదని పైన చెప్పాను కదా, అంటే మీరు దేని కోసం వెళ్తున్నారో అదీ దక్కదు.

సంక్రాంతి సెలవులు ముగిసిన మరుసటి వారం నుంచి ఫిబ్రవరి రెండో వారం దాకా ఉన్న రోజులు అన్నింటికంటే మంచివి. వానలు వెనక్కి తగ్గి, ఆకాశం నీలంగా తేరి, గదుల అద్దెలు కూడా దిగివచ్చే కాలమది. గురువారం రాత్రి చెన్నైలో రైలెక్కి, శుక్ర, శని, ఆదివారాలు కూనూరులో పడుకుని, సోమవారం రాత్రి మేట్టుపాళయంలో తిరుగు రైలు ఎక్కితే పిల్లలకు పోయేది రెండు రోజుల బడి మాత్రమే. తరగతి ఉపాధ్యాయులకు ముందుగా ఒక ఉత్తరం రాసి అడగండి. తప్పనిసరిగా డిసెంబరులోనే వెళ్ళవలసి వస్తే కూనూరు కంటే చిన్నదైన కోటగిరిని ఎంచుకోండి, గొడుగులు తీసుకువెళ్ళండి, మంచు మీద ఆశ మాత్రం పెట్టుకోకండి. కొడైకెనాల్ కూడా మంచి ఊరే. అయితే కొడై రోడ్డు స్టేషన్లో దిగాక ఎనభై కిలోమీటర్లు రోడ్డు మీద ఎక్కాలి కనుక పెద్దావిడతో వెళ్ళేవారికి నేను దాన్ని రెండో స్థానంలోనే ఉంచుతాను.

ప్రశ్న: బ్యాంకులో పదవీ విరమణ చేశాను. నేనూ నా భార్యా కొండ రైలులోనే కూనూరు వెళ్ళాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాం. ముప్పై కిలోమీటర్లు కూడా లేని దారికి మూడు గంటలకు పైగా ఎందుకు పడుతుంది? టికెట్లు ఎలా దొరుకుతాయి?
ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: మీరు ఇన్నాళ్ళు ఎదురుచూసినందుకు తగిన ప్రయాణమే ఇది. చెన్నై సెంట్రల్‌లో రాత్రి తొమ్మిది ప్రాంతంలో బయలుదేరే నీలగిరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారి ఆరున్నరలోపు మేట్టుపాళయం చేరుతుంది. కొండ రైలు 7:10కి బయలుదేరుతుంది. రెండింటికీ ఒకేసారి రిజర్వేషన్ చేయించుకోవడం మంచిది. ఇప్పుడు రైల్వేలో అరవై రోజుల ముందు మాత్రమే రిజర్వేషన్ తెరుస్తారు కనుక, మీ ప్రయాణ తేదీకి సరిగ్గా అరవై రోజుల ముందు ఉదయం ఎనిమిది గంటలకు సిద్ధంగా కూర్చోండి. ఆలస్యం చేస్తే వెయిటింగ్ లిస్టే మిగులుతుంది.

నెమ్మదిగా వెళ్ళడానికి కారణం ఆ వాలే. మేట్టుపాళయం సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తున ఉంది, ఊటీ స్టేషన్ 2,203 మీటర్ల ఎత్తున ఉంది. మధ్య దూరం 46 కిలోమీటర్లే. కల్లార్ స్టేషన్ దాటాక కొన్నిచోట్ల ప్రతి పన్నెండు అడుగులకూ ఒక అడుగు చొప్పున దారి పైకి లేస్తుంది. నున్నటి ఇనుప చక్రం నున్నటి పట్టా మీద అంత ఏటవాలును పట్టుకోలేదు. అందుకని స్విట్జర్లాండ్ ఇంజనీరు రోమన్ ఆప్ట్ రూపొందించిన పద్ధతిలో రెండు పట్టాల నడుమ పళ్ళున్న ఇనుప కడ్డీలను జంటగా పరిచారు. ఒక కడ్డీ పన్ను ఉన్నచోట పక్క కడ్డీకి సందు ఉండేలా వాటిని అమర్చారు కనుక ఇంజన్ కింది పళ్ళ చక్రం ఏ క్షణంలోనూ పట్టు వదలదు. ఆ ఇంజన్‌లో ఆవిరి రెండు పనులు చేస్తుంది. ముందు మామూలు చక్రాలను తిప్పి, అక్కడ వాడిన ఆవిరే మరో జత సిలిండర్లలోకి వెళ్ళి పళ్ళ చక్రాలను తిప్పుతుంది. ఈ భాగంలో వేగం గంటకు 13 కిలోమీటర్లు మించదు.

ఇంజన్ ముందు ఉండి లాగదు, వెనక ఉండి పెట్టెలను పైకి నెడుతుంది. పెట్టెలు వెనక్కి జారే ప్రమాదం ఉండకూడదన్నదే అందులోని ఆలోచన. ప్రతి పెట్టె ముందు భాగంలో నిలబడి బ్రేకు చూసుకునే మనిషి ఒకరుంటారు. హిల్‌గ్రోవ్ స్టేషన్లో ఇంజన్ నీళ్ళు తాగేటప్పుడు రైలు ఆగుతుంది. అక్కడ దిగి, పళ్ళ కడ్డీని దగ్గరగా చూడండి. నల్లటి గ్రీజు పూసిన ఆ పళ్ళ అంచులు మాత్రం రోజూ రాపిడికి వెండిలా మెరుస్తుంటాయి. చేతిలో వడ ఉంటే కోతులను కనిపెట్టుకుని ఉండండి. ఈ మార్గం 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా పూర్తయింది, 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పాత ఇంజన్లు స్విట్జర్లాండ్‌లో తయారైనవే అయినా, తరువాతి కాలంలో మన తిరుచిరాపల్లి పొన్‌మలై వర్క్‌షాపులోనే కొత్త ఆవిరి ఇంజన్లు తయారు చేశారన్నది నాకు ఎంతో గర్వంగా అనిపించే విషయం.

కూనూరు నుంచి ఊటీకి డీజిల్ ఇంజన్ లాగుతుంది, రోజుకు కొన్ని రైళ్ళు కూడా ఉంటాయి. కింది భాగంలో టికెట్ దొరకకపోతే కూనూరు దాకా బస్సులో వెళ్ళి, ఒక మధ్యాహ్నం ఊటీకి ఈ రైల్లో వెళ్ళి రండి. అందులో పళ్ళ కడ్డీ ఉండదు కానీ కేత్తి లోయ కనిపిస్తుంది.

ప్రశ్న: కూనూరులో చూడవలసినవన్నీ ఒక్క రోజులో అయిపోతాయని మా మిత్రులు చెబుతున్నారు. మిగిలిన రోజులు ఏం చేయాలి?
ఒక పాఠకుడు, విల్లివాక్కం

జవాబు: కారు మాట్లాడుకుని సిమ్స్ పార్కు, లోయ కనిపించే కొండ అంచులైన లాంబ్స్ రాక్, డాల్ఫిన్స్ నోస్ చూసి, ఒక్కోచోట పది నిమిషాలు ఆగి ఫోటో తీసుకుంటే నిజంగానే ఒక్క రోజు చాలు. అలా చూసినవాళ్ళు కూనూరును చూసినట్టు నేను ఒప్పుకోలేను. చలికాలపు కొండ ఊరికి వెళ్ళేది ముఖ్యంగా ఆ చలిలో ఉండడానికి. అక్కడి పొద్దును పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూడడానికి ఒకే ఊళ్ళో మూడు రాత్రులైనా పడుకోవాలి.

1874లో మొదలైన సిమ్స్ పార్కు లోయ వాలు వెంట మెట్లుమెట్లుగా దిగుతుంది. అందులో ఒక రుద్రాక్ష చెట్టు ఉంది. పూజగదిలో చూసిన రుద్రాక్షను చెట్టుకింద చూడడం మా అమ్మకు ఎంత సంతోషం కలిగించిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ చెట్టు దగ్గరే అరగంట కూర్చున్నాం. డాల్ఫిన్స్ నోస్‌కు ఉదయం తొమ్మిదిలోపు వెళ్ళండి, ఎదుటి కొండమీంచి జారే కేథరిన్ జలపాతం మబ్బు ఎక్కకముందు స్పష్టంగా కనిపిస్తుంది. నడవగలిగినవారికి ద్రూగ్ కోట ఉంది. తేయాకు తోటల మధ్య నుంచి ఎక్కే దారి అది. టిప్పు సుల్తాన్ కాలంలో కాపలా స్థావరంగా వాడిన ఆ శిథిలాలను అక్కడివాళ్ళు పకాసురన్ కోట అంటారు. మన భారతంలోని బకాసురుడే ఆయన.

ఒక పూట తేయాకు ఫ్యాక్టరీకి కేటాయించండి. చలికాలంలో ఆకు నెమ్మదిగా పెరుగుతుంది కనుక అందులో వాసన చిక్కబడుతుందని, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కోసిన ఆకుతో చేసిన టీని 'ఫ్రాస్ట్ టీ' పేరుతో ప్రత్యేకంగా అమ్ముతారు. ఒక కిలో పొడికి నాలుగు నుంచి అయిదు కిలోల పచ్చి ఆకు కావాలి. ముందు ఆకును గాలికి వాడబెట్టే పొడవాటి తొట్ల దగ్గర ఆగి చేయి పెట్టి చూడండి. కోసినప్పుడు విరిగే ఆకు, వాడాక గుడ్డలా మడత పడుతుంది. నలిపే యంత్రం దాటి ఆకుపచ్చ రంగు రాగి రంగుకు తిరిగేచోట వచ్చే వాసన, కోసిన పచ్చి జామకాయ వాసనకు దగ్గరగా ఉంటుంది. సాయంత్రం నాలుగున్నరకు తోటలో ఆకు తూకం దగ్గర నిలబడగలిగితే ఇంకా మంచిది. రోజంతా వంగి కోసిన ఆడవాళ్ళు తమ సంచి తూకం రాసేవరకూ ముల్లు మీదినుంచి చూపు తిప్పరు. అడగకుండా వాళ్ళ ఫోటోలు తీయకండి.

కూనూరు, కోటగిరి చుట్టూ బడగలు అనే స్థానిక జనం ఉండే ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. వాళ్ళ భాష కన్నడానికి దగ్గర. డిసెంబరు చివర, జనవరి మొదట్లో వాళ్ళ హెత్తె పండుగ జరుగుతుంది. తెల్లటి బట్టలు కట్టుకుని ఊళ్ళకు ఊళ్ళు కదిలి వస్తాయి. అది వాళ్ళ కులదేవత పూజ కనుక, దూరంగా నిలబడి చూసి రావడమే మర్యాద.

ప్రశ్న: మా నాన్నగారికి ఉబ్బసం, రక్తపోటు ఉన్నాయి. నీలగిరులకు తీసుకువెళ్ళవచ్చా? గదిలో చలి ఎక్కువైతే బొగ్గుల కుంపటి పెడతారని విన్నాం.
ఒక పాఠకురాలు, సైదాపేట

జవాబు: ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతుంది కనుక కూనూరులో దాని భయం లేదు. చలిగాలి మాత్రం ఉబ్బసం ఉన్నవారి శ్వాసనాళాలను బిగించగలదు, చలికి రక్తపోటు కూడా కాస్త పెరుగుతుంది. బయలుదేరే ముందు నాన్నగారిని డాక్టరుకు చూపించి, ఇన్‌హేలర్ కొత్తది ఒకటి అదనంగా తీసుకోండి. దాన్ని పెట్టెలో కాక చొక్కా జేబులో ఉంచమనండి. ఉదయపు నడక ఎండ వచ్చాకే చేయాలి, ముక్కూ నోరూ మఫ్లర్‌తో కప్పుకోవాలి.

కుంపటి గురించి అడిగారు, అది ఎంతో అవసరమైన ప్రశ్న. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి, ఎవరు ఇచ్చినా వద్దనండి. బొగ్గులు పూర్తిగా కాలనిచోట కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కనుక, గదిలో కొద్దిగా చేరినా రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది. మొదట తలనొప్పి, వికారం, మగత వస్తాయి. నిద్రలో ఉన్నవారికి ఆ సంకేతాలు తెలియవు, నిద్రలోనే ప్రాణం పోతుంది. పొగ లేదు కదా, నిప్పు ఎర్రగా ఉంది కదా అనుకోవడమే ప్రమాదం, ఎందుకంటే పొగ ఆగిన నిప్పులో నుంచి కూడా ఆ వాయువు వస్తుంది. బయట చలిమంట కాచుకుని, దాని మిగిలిన నిప్పులను గదిలోకి తెచ్చుకుని ప్రాణాలు పోగొట్టుకున్న కుటుంబాల వార్తలు కొండ ఊళ్ళ నుంచి చదివినప్పుడల్లా నా మనసు కలతపడుతుంది. స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉంటే దానికీ ఇదే జాగ్రత్త కావాలి, కిటికీ తెరిచి ఉంచాలి. ఎవరికైనా తలతిరుగుడు, వాంతి వస్తే వెంటనే తలుపులు తెరిచి బయటి గాలిలోకి తీసుకువచ్చి 108కి ఫోన్ చేయండి.

చలికి వేడినీళ్ళ సంచి, ఒకదాని మీద ఒకటి రెండు పలచటి దుప్పట్లు, కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు చాలు. గది తీసుకునేటప్పుడే మధ్యాహ్నం ఎండ పడే పడమటి వైపు గది ఇమ్మని అడగండి, రాత్రి దాకా గోడలు వెచ్చగా ఉంటాయి.

ప్రశ్న: వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. కందిపప్పు గంటసేపు ఉడికినా మెత్తబడలేదు, పెరుగు తోడుకోలేదు. నీళ్ళలో లోపమా?
ఒక గృహిణి, టి. నగర్

జవాబు: నీళ్ళలో లోపం లేదమ్మా, ఎత్తులో ఉంది సంగతంతా. పైకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. చెన్నైలో 100 డిగ్రీలకు మరిగే నీళ్ళు కూనూరులో సుమారు 94 డిగ్రీలకే తెర్లుతాయి, ఆ తరువాత ఎంత మంట పెట్టినా అంతకంటే వేడెక్కవు. అందువల్ల మూతలేని గిన్నెలో పప్పు మెత్తబడడానికి మామూలు కంటే చాలా ఎక్కువ సేపు పడుతుంది. పప్పును రెండు గంటలు ముందుగా నానబెట్టి, కుక్కరులో మన ఇంట్లో కంటే రెండు కూతలు ఎక్కువ రానివ్వండి. అన్నానికి కూడా నీళ్ళు కాస్త ఎక్కువ పోయండి. కుక్కరును ఇంటి నుంచే తీసుకువెళ్ళడం మేలు, అద్దె ఇళ్ళలో కుక్కరు ఉన్నా దాని రబ్బరు బాగుండదు.

పెరుగుకు మాత్రం అడ్డుపడేది చలి. తోడులోని సూక్ష్మజీవులకు నలభై డిగ్రీల వెచ్చదనం కావాలి, రాత్రి వంటగదిలో పన్నెండు డిగ్రీలే ఉంటుంది. పాలు మన దగ్గరి కంటే కొంచెం ఎక్కువ వెచ్చగా, వేలు పెడితే ఓర్చుకోగలిగినంత వేడిగా ఉన్నప్పుడే మామూలుకు రెట్టింపు తోడు వేసి బాగా కలిపి, హాట్ ప్యాక్‌లో పోసి మూత పెట్టి, తువ్వాలు చుట్టి, దుప్పటి మడతల మధ్య పెట్టండి. పొద్దున్నకు గట్టి పెరుగు తయారవుతుంది. తోడు కోసం ఇంటి పెరుగును చిన్న స్టీలు డబ్బాలో తీసుకువెళ్ళినవాళ్ళు ఆ ఊళ్ళో ఎక్కడ దొరుకుతుందా అని వెతకనక్కరలేదు.

ప్రశ్న: సొంత కారులో వెళ్తే ఏ అనుమతులు కావాలి? కొండదారిలో నడపడం ఇదే మొదటిసారి.
ఒక పాఠకుడు, వేళచ్చేరి

జవాబు: మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి నీలగిరులకు, కొడైకెనాల్‌కు వచ్చే బయటి వాహనాలకు ఈ-పాస్ విధానం వచ్చింది. తమిళనాడు ప్రభుత్వ వెబ్‌సైటులో బండి నంబరు, తేదీలు, బస చేసే చోటు ఇచ్చి పాస్ తీసుకుని ఫోన్‌లో ఉంచుకోండి. ప్రభుత్వ బస్సులో వెళ్ళేవారికి అది అవసరం లేదు. చిన్న ప్లాస్టిక్ నీళ్ళ సీసాలకు జిల్లాలో నిషేధం ఉంది, చెక్‌పోస్టులో తీసేస్తారు కనుక స్టీలు సీసాలు పెట్టుకోండి.

మేట్టుపాళయం నుంచి కూనూరుకు బర్లియార్ మీదుగా ఎక్కే దారిలో 14 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయి. కల్లార్ దగ్గర ఏనుగులు దాటే దారి ఉంది కనుక చీకటి పడకముందే కొండ ఎక్కండి, ఏనుగు కనిపిస్తే ఫోన్ తీయకుండా దూరంగా ఆగిపోండి. ఎక్కే బండికి దారి ఇవ్వడం కొండదారిలో నియమం. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెబుతారు. బ్రేకు మీదే కాలు ఉంచి దిగితే అది వేడెక్కి పట్టు సడలుతుంది. పొగమంచులో హైబీమ్ వేస్తే ఆ వెలుగు మంచుకే తగిలి తిరిగి మీ కళ్ళలో పడుతుంది, లోబీమ్ వేసి నెమ్మదిగా పోండి. అయిదువందల కిలోమీటర్లు నడిపి అలసిపోయాక ఈ మలుపులు ఎక్కవద్దు. సేలంలోనో, అవినాశిలోనో రాత్రి ఆగి, పొద్దున్నే కొండ ఎక్కండి.

ప్రశ్న: నేను వృక్షశాస్త్రం చదువుతున్నాను. నీలగిరి తైలం తీసే చెట్లు ఆ కొండలవేనా? అక్కడి అసలు అడవి ఎలా ఉంటుంది?
ఒక విద్యార్థిని, తాంబరం

జవాబు: మన ఇళ్ళలో జలుబుకు రాసుకునే తైలానికి ఆ కొండల పేరే ఉన్నా, ఆ చెట్టు మాత్రం ఆ కొండలది కాదు. వంటచెరకు కోసం 19వ శతాబ్దంలో ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటినది. అక్కడి అసలు అడవిని షోలా అంటారు. కొండ మడతల్లో, వాగు పుట్టేచోట, పొట్టి చెట్లు గొడుగులు కలిపినట్టు దట్టంగా ఉంటాయి. మడత దాటగానే అడవి గీత గీసినట్టు ఆగిపోయి గడ్డి మైదానం మొదలవుతుంది. ఎందుకు అలా ఆగుతుందన్న ప్రశ్నకు శాస్త్రవేత్తలు చెప్పే కారణాల్లో ఈ శీర్షికలో మొదట మాట్లాడుకున్న మంచు కూడా ఒకటి. బయలులో మొలిచిన చెట్ల మొలకలను గడ్డకట్టే రాత్రులు చంపేస్తాయి, గడ్డి మాత్రం తట్టుకుంటుంది. ఆ గడ్డి మధ్య ఒంటరిగా నిలబడి మంచును తట్టుకునే చెట్టు ఒకటుంది, అది రోడోడెండ్రాన్. మీరు వెళ్ళేది చలికాలంలోనే కనుక దాని ఎర్రటి పూలగుత్తులు కనిపిస్తాయి. 2,637 మీటర్ల దొడ్డబెట్ట దారిలో వెతకండి. దొడ్డబెట్ట అంటే పెద్ద కొండ. 'దొడ్డ మనసు' అనే మనకు ఆ పేరు కొత్తది కాదు.

ప్రశ్న: స్వెట్టర్లు చెన్నైలోనే కొనాలా? తిరిగి వచ్చేటప్పుడు ఏం తేవాలి?
ఒక పాఠకురాలు, కోడంబాక్కం

జవాబు: రైలు దిగేసరికి వేసుకోవడానికి ఒక్కొక్కరికి ఒక స్వెట్టరు, చెవులు కప్పే టోపీ ఉంటే చాలు, లావుపాటి జాకెట్లకు డబ్బు పెట్టవద్దు. ఇంకా కావాలంటే ఊటీలో బొటానికల్ గార్డెన్ దగ్గర టిబెటన్ల ఉన్ని దుకాణాలు ఉన్నాయి. నీలగిరుల ఆదివాసులైన తోడా స్త్రీలు తెల్లటి ముతక గుడ్డ మీద ఎర్ర, నల్ల దారాలతో కుట్టే శాలువ కొనగలిగితే, బేరమాడకుండా కొనండి, ఒక్కో శాలువకు వారాల తరబడి చేతిపని పడుతుంది. తినడానికి ఊటీ వర్కీ అనే బిస్కెట్టు లాంటి తినుబండారం తీసుకురండి. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పొరలు పొరలుగా విరిగే దాన్ని వేడి టీలో ఒక్క క్షణం ముంచి తినాలి. చెన్నై చేరిన వెంటనే గట్టి మూత ఉన్న డబ్బాలోకి మార్చండి, లేకపోతే మన సముద్రపు గాలికి ఒక్క రాత్రిలోనే మెత్తబడిపోతుంది.